బల్లగుడ్డ ఉతికిన చెయ్యి

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను బాప్తిస్మం పొందిన స్త్రీ ఎవరైనా తన చేత్తో ఉతకాలి. మిషన్లో వెయ్యకూడదు, లాండ్రీకి ఇవ్వకూడదు, బయటివాళ్ళ చెయ్యి తగలనివ్వకూడదు. ఇది ఎక్కడ రాసి ఉందని అడిగితే చెప్పగలిగినవాడు లేడు. రాసిపెట్టిన నియమాలను మనుషులు రోజుకు నాలుగు తప్పుతారు గానీ, రాయని వాటి జోలికి పోవాలంటే హడలిపోతారు. అందుకే ఆ కట్టుబాటుకు ఏనాడూ ఢోకా రాలేదు.

ముప్పై ఏళ్ళుగా ఆ గుడ్డ ఉతుకుతున్న మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఇప్పుడది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆమె బల్లగుడ్డమ్మ. ఎవరో వెక్కిరింతకు పెట్టిన పేరు కాస్తా ఏళ్ళు గడిచేసరికి మన్ననగా మారిపోయింది. వారమంతా ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ ముందు కూర్చుని జనం బట్టలు వదులు చెయ్యడం, బిగించడం ఆమె జీవనం. బరువు తగ్గుతామని బిగింపు చేయించుకున్నవాళ్ళు ఆరు నెలలకు వదులు చేయించుకోవడానికి వస్తారని, మనిషి మాట కంటే నడుం కొలత నమ్మదగిందని ఆమె అంటూ ఉంటుంది.

గుడ్డ ఆమెకు తల్లి దగ్గర్నించి వచ్చింది. తల్లి మంచం పట్టిన చివరి వారంలో, మాట పడిపోకముందు, రేకుపెట్టె తెప్పించి కూతురి ఒళ్ళో పెట్టింది. "ముందు చన్నీళ్ళు. తర్వాత వెనిగరు. సబ్బు అన్నిటికంటే ఆఖరున. ద్రాక్షరసం మరక మీద ముందే సబ్బు రుద్దావంటే అది నీతోపాటు సమాధి దాకా వస్తుంది" అంది. వేరే తల్లులు పోతూ పోతూ ఏం చెబుతారో గానీ ఆమెకు దక్కిన ఆఖరి మాటలు అవే. ఆ మాటలు ఎవరైనా తేలిగ్గా తీసుకుంటే ఆమె ఊరుకోదు.

మరకలు ప్రతి నెలా పడతాయి. ముసలివాళ్ళు గిన్నె అందుకునేటప్పుడు చేతులు వణుకుతాయి, నాలుగు చుక్కలు అంచు మీద రాలతాయి. ఆదివారం పెట్టె ఇంటికి వస్తుంది. సోమవారం పెరట్లో కుళాయి కింద పని. తడి పూర్తిగా ఆరకముందే తిరగేసి ఇస్త్రీ. తొమ్మిది మడతలు. ముప్పై ఏళ్ళలో ఒక్క నెల తప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు తప్పలేదు, ఆ కడుపు నిలవనప్పుడూ తప్పలేదు.

అయితే ఇందులో ఒక గుట్టు ఉంది. గత ఆరేళ్ళుగా ఆ గుడ్డ ఉతుకుతున్నది ఆమె కాదు.

ఉతుకుతున్నది వదిన, అంటే ఇంటాయన అక్కగారు. ముప్పై ఒక్క ఏళ్ళు పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసి, రిటైరై, తమ్ముడింటికి చేరిన మనిషి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. దేవుణ్ణి నమ్మదు. నమ్మనని ఊరేగింపు తియ్యదు, వాదన పెట్టుకోదు, అసలు ఆ ఊసే ఎత్తదు. భోజనాల దగ్గర తమ్ముడు కళ్ళు మూసుకుని ప్రార్థన సాగదీస్తే మాత్రం, "కాస్త తొందరగా కానీరా. చల్లారిపోతే ఆయనొచ్చి వేడి చేస్తాడా?" అంటుంది.

ఎందుకు నమ్మవని మరదలు ఒకసారి ధైర్యం చేసి అడిగింది. వదిన చేతిలోని దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "ఎన్ని వేల దుప్పట్లు ఉతికానో చెప్పలేను పిల్లా. ప్రార్థన చేసినవాళ్ళవీ ఉతికాను, చెయ్యనివాళ్ళవీ ఉతికాను. రెండూ ఒకేలా తడిసేవి" అంది.

అలాంటి మనిషి, వీధి చివర పక్షవాతంతో పడి ఉన్న ముసలాయన దుప్పట్లు మంగళవారం మంగళవారం తెచ్చి ఉతుకుతుంది. ఎవరూ అడగలేదు. కుళాయి దగ్గర గొడవపడి తనతో మూడేళ్ళు మాటలు మానేసిన పక్కింటావిడకు కాలు విరిగితే, ఆమె పక్కబట్టలూ ఉతికింది. మాటలు మాత్రం కలపలేదు. తిడుతూనే ఆరేసింది.

ఇక గుడ్డ సంగతి. ముప్పై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి ఆరేళ్ళ కిందట మొండికేసింది. మిషన్ సూది కిందికి గుడ్డ తొయ్యగలదు గానీ, తడిబట్ట పిండబోతే మణికట్టులో నిప్పు రాజుకునేది. ఒక సోమవారం పెరట్లో నీళ్ళ తొట్టి ముందు కూర్చుని, పోని మరకను చూసి బల్లగుడ్డమ్మ ఏడ్చేసింది. వదిన వచ్చి చూసి, "ఇటివ్వు" అంది. ఇంకో మాట లేదు. పావుగంటలో గుడ్డ మల్లెపువ్వులా తీగ మీద ఆరుతోంది.

ఈ ఒక్క నెలే అనుకుంది బల్లగుడ్డమ్మ. మణికట్టు బాగుపడగానే మళ్ళీ తనే ఉతుక్కోవచ్చు అనుకుంది. ఒక్క నెల కాస్తా ఏడాది అయింది, ఏడాది ఆరేళ్ళయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆమె ఆదివారాలు గడుపుతూ వచ్చింది. "ఈమధ్య మరీ తెల్లగా వస్తోందమ్మా, నీ చేతిలో ఏదో మహిమ ఉంది" అని ఆర్గను వాయించే మామ్మగారు అంటే తల వంచుకుని నవ్వేది. ఆ నవ్వే ఆమెను లోపల తినేసేది.

కొత్తగా వచ్చిన పాస్టరు గారు కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు, మనసులో కల్మషం లేనివాడు. ఈ మూడూ ఉన్నవాడు నోరు జారితే ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో వాడికే తెలియదు. ఆ నెల బల్ల ఆదివారం ఆయన మంచిపనుల గురించి ప్రసంగం చేశాడు. విశ్వాసం లేకుండా చేసే మంచి ఎంత మంచిగా కనపడినా దేవుని ఎదుట మాసిన గుడ్డతో సమానమన్నాడు. అని ఊరుకోలేదు. బల్ల దగ్గరికి నడిచి వెళ్ళి గుడ్డ అంచు పట్టుకుని ఎత్తి చూపించాడు.

"ఇది చూడండి. ఇది విశ్వాసి చెయ్యి ఉతికిన గుడ్డ. బయటి మంచితనం పైకి ఎంత తెల్లగా ఉన్నా, ఈ తెలుపు దానికి రాదు."

వదిన వెనక బెంచీలో, తలుపు పక్కన కూర్చుని ఉంది. మరదలి చెయ్యి బాగోలేదని రేకుపెట్టె మోసుకుని రావడం ఆమె పని. ఆ మాట విని చెప్పు సరిచేసుకుంది, అంతే. బల్లగుడ్డమ్మకు మాత్రం ముఖం మీద చెళ్ళున కొట్టినట్టయింది. అది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, సంఘ పెద్ద లేచాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, అందరికీ పెద్ద మాస్టారు. వచ్చే బల్ల ఆదివారానికి ఈ సోదరి సేవకు ముప్పై ఏళ్ళు నిండుతున్నాయని, ఇత్తడి పలక ఒకటి చేయించి బల్ల పక్క గోడకు బిగిస్తున్నామని ప్రకటించాడు. పలక మీది మాటలు కూడా చదివాడు: ‘ముప్పై సంవత్సరాలు ఈ గుడ్డను తన చేతులతో ఉతికిన సోదరి.’ జనం చప్పట్లు కొట్టారు.

దారిలో వదిన, "మీ పాస్టరు గారికి కళ్ళజోడు మార్చాలే" అని నవ్వింది. మరదలు నవ్వలేదు.

"వదినా, నేను చెప్పేస్తాను."

"ఏం చెప్తావు?"

"ఆరేళ్ళ సంగతి."

వదిన ఆగిపోయింది. "నీకేమైనా మతి పోయిందా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆయన అన్నది నన్ను. నాకేం కాలేదు. నేను ఉతికింది మీ దేవుడి కోసం కాదు, నీ మణికట్టు కోసం. నన్ను అందులోకి లాగకు."

"నిన్ను లాగడం కాదు వదినా. ఆ చప్పట్లు నేను మోయలేను."

రాత్రి భోజనాల దగ్గర ఇంటాయన, బస్సు డ్రైవరుగా ముప్పై ఏళ్ళు అందరినీ వాళ్ళ వాళ్ళ చోట్ల దింపినవాడు, ఇద్దరి మాటలూ విని తన తీర్పు చెప్పాడు. "చెబితే గుడ్డ పోతుంది. చెప్పకపోతే నీకు నిద్ర పోతుంది. ఏది పోయినా పొద్దున నా టీ ఆలస్యమే."

గుడ్డ పోతుంది. నవ్వులాటకు అన్నా ఆ మాట నిజం. గుడ్డ పోతే తల్లి ఒళ్ళో పెట్టిన రేకుపెట్టె పోతుంది, ముప్పై ఏళ్ళ పేరు పోతుంది. కత్తెర, సూది, నడుం కొలతలు తప్ప ఇంకేమీ మిగలని ముసలితనం మిగులుతుంది. ఆమె రెండు రోజులు మిషన్ తొక్కుతూ ఇదే ఆలోచించింది. మూడో రోజు పొద్దున్నే ఎవరి లాగునో సగంలో వదిలేసి లేచి చర్చికి వెళ్ళింది.

పక్కగదిలో పాస్టరు గారూ పెద్ద మాస్టారూ ఉన్నారు. రాసుకునే బల్ల మీద పలక మెరుస్తోంది.

"పలక వద్దయ్యగారూ" అంది నిలబడే. "అందులో తన చేతులతో అని రాయించారు. ఆ చేతులు నావి కావు."

మొత్తం చెప్పింది. దాచకుండా, కన్నీళ్ళు పెట్టకుండా చెప్పింది. పెద్ద మాస్టారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆరేళ్ళా! ఆవిడకి బాప్తిస్మం?"

"లేదండీ."

"పోనీ, మనసులో అయినా విశ్వాసం..."

"మనసులో కూడా లేదు మాస్టారూ. నేను అడిగి చూశాను."

పాస్టరు గారు కుర్చీ జరిపి, ఆమెను కూర్చోబెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టాడు. మీ వదినగారు చేసింది పొరుగువాళ్ళకు మంచే, అందులో సందేహం లేదన్నాడు. వాన అందరి మీదా కురిపించే దేవుడు నమ్మనివాళ్ళ చేత కూడా లోకానికి మేలు చేయిస్తాడన్నాడు. తెలియకుండానే వాళ్ళలో కృప పనిచేస్తుందని పూర్వపు బోధకుల్లో కొందరు అన్నారట. వేరు లేని చెట్టుకు కాసిన కాయ ఎంత నిగనిగలాడినా దేవుడికి పనికిరాదని మరికొందరు అన్నారట. ఎవరెలా అన్నా, ఆ మంచి మనిషిని రక్షించలేదన్న దగ్గర మాత్రం అందరూ కలుస్తారన్నాడు.

బల్లగుడ్డమ్మ అంతా విన్నది. "నీకు తెలియకుండా దేవుడే నీ చేత ఉతికిస్తున్నాడంటే మా వదిన చెంబు విసిరేస్తుందయ్యగారూ. ఆ సంగతి అలా ఉంచండి. రక్షణ మాటలు మీ చదువు, నేను అందులోకి రాను. నేనడిగేది గుడ్డ గురించి. మా వదిన చెయ్యి తగిలితే గుడ్డ మాసినట్టేనా?"

పాస్టరు గారు ఎదురుగా ఉన్న పలకను కాస్త పక్కకు జరిపాడు.

"మాసినట్టే అంటే, ఆరేళ్ళకి డెబ్బై రెండు బల్లలు మాసిన గుడ్డ మీదే జరిగాయి. ఆ మాట సంఘానికి చెప్పండి. మాసినట్టు కాదంటారా, మొన్న ఆ అంచు పట్టుకుని అన్న మాట వెనక్కి తీసుకోండి. రెండిట్లో ఏదో ఒకటి. రెండూ కుదరవు."

"దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా" అని పెద్ద మాస్టారు కల్పించుకున్నాడు. "ఆవిడ చేత బాప్తిస్మం తీసుకునేలా చూడు. ఒక్క మునకతో అన్నీ సర్దుకుంటాయి."

"నమ్మకం లేకుండా మునిగితే అది స్నానం అవుతుంది మాస్టారూ. ఆవిడ రోజూ చేస్తుంది."

మాస్టారికి కోపం వచ్చింది. "ఈ సంగతి బయటపెట్టావో, గుడ్డ మీ ఇంటి గడప తొక్కదు. మీ అమ్మ ఏమనుకునేదో ఆలోచించుకో."

ఆ మాట మాత్రం సూటిగా గుచ్చుకుంది. ఇంటికి వచ్చేదాకా అదే చెవిలో మోగింది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తల్లి ఏమనుకునేదో తెలిసిపోయింది. మరక పోయిందా లేదా అని అడిగేది. అంతకు మించి అడిగే మనిషి కాదు.

ఈ నెల గుడ్డ ఇంకా పెట్టెలోనే ఉంది. బుధవారం దాకా నానబెట్టకుండా ఆపిన నెల అదొక్కటే. బల్లగుడ్డమ్మ తొట్టిలో చన్నీళ్ళు పట్టి, జాకెట్టు చేతులు పైకి మడిచి, కూర్చుంది. వదిన పెరటి గుమ్మంలోంచి చూసింది.

"ఇటివ్వు."

"ఇవ్వను."

"మణికట్టు విరగ్గొట్టుకుంటావా? ఇటివ్వమంటున్నానా!"

"ఈ నెల విశ్వాసి చెయ్యే ఉతుకుతుంది వదినా. నువ్వు ముట్టుకుంటే నా మీద ఒట్టే."

వదిన గుమ్మంలోనే కూర్చుండిపోయింది. బల్లగుడ్డమ్మ చన్నీళ్ళలో జాడించింది, వెనిగరు పోసింది, రుద్దింది. పళ్ళు బిగించి పిండబోయింది. మణికట్టు లోంచి భుజం దాకా మంట పాకింది. రెండుసార్లు ఆగింది, మూడోసారి మొదలుపెట్టింది. చేతకానితనాన్ని నటించలేదు. తల్లి చెప్పిన వరుస తప్పకుండా, తనకున్న బలమంతా పెట్టి ఉతికింది. చివరికి తీగ మీద వేసినప్పుడు, ముందువైపు వేలాడే అంచు మీద అరచేతంత మరక అలాగే ఉంది.

"ఇలా పరిస్తే పరువు పోతుందే" అంది వదిన. ఆమె గొంతు అలా తగ్గడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

"పోయేది నాది కాని పరువే. పోనీ" అంది బల్లగుడ్డమ్మ. అని, ఆరీ ఆరకముందే ఇస్త్రీ చేసి తొమ్మిది మడతలు పెట్టింది.

తర్వాతి బల్ల ఆదివారం ఆమె అందరికంటే ముందు వెళ్ళి గుడ్డ పరిచింది. జనం వచ్చి కూర్చున్నారు, చూశారు, ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు. మామ్మగారు పాట మధ్యలో అంచు వైపు చూసి రెండు మెట్లు తప్పు నొక్కింది. ప్రసంగం అయ్యాక పెద్ద మాస్టారు కాగితంలో చుట్టిన పలకతో లేచాడు. బెదిరింపు పనిచేసిందనే అనుకున్నాడు పాపం. ఆమెను ముందుకు పిలిచాడు.

ఆమె వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"ఈ గుడ్డ మీద మరక మీ అందరికీ కనపడుతోంది. ఈ నెల నేను ఉతికాను. బాప్తిస్మం పొందిన చెయ్యి, నమ్మిన చెయ్యి, ఇదీ దాని పని. నా మణికట్టు పోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా మీరు మహిమ అన్నది మా వదిన చెయ్యి. ఆవిడ నమ్మదు. ఆ మాట మీకు చెప్పకుండా మీ మెప్పులు నేను తిన్నాను. ఆ తప్పు నాది, ప్రభువు దగ్గర ఒప్పుకున్నాను, మీ దగ్గరా ఒప్పుకుంటున్నాను. ఆవిడ పరలోకానికి వెళ్తుందో లేదో తీర్పు చెప్పేది నేను కాదు, మీరూ కాదు. కానీ ఆవిడ చేసిన పని నా పేరు మీద గోడకి బిగించడం మాత్రం నేను బతికుండగా జరగదు."

వెనక బెంచీలో వదిన కుక్కిన పేనులా కూర్చుంది. జనం తలలు ఒక్కసారిగా అటు తిరిగితే, ఎదురు చూడలేక రేకుపెట్టె మూత తీసి లోపలికి చూడసాగింది. లోపల ఏమీ లేదు.

పెద్ద మాస్టారు పలకను మళ్ళీ కాగితంలో చుట్టాడు. పాస్టరు గారు బల్ల దగ్గరికి వచ్చి, ఆ మరక మీదుగానే రొట్టె విరిచాడు. ఆరాధన అయ్యాక ప్రతి నెలా ఆమె చేతికి వచ్చే గుడ్డ ఈసారి రాలేదు. ఖాళీ రేకుపెట్టె కూడా పక్కగదిలోనే ఉంచెయ్యమన్నారు సంఘ పెద్దలు.

దారిలో ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. చేసిన పనికి కాదు, దానికి ఆమె మళ్ళీ సిద్ధమే. అమ్మ పెట్టె పోయినందుకు ఏడ్చింది. "బుద్ధిలేనిదానా" అంటూ వదిన ఆ నొప్పి మణికట్టును తన చేతిలోకి తీసుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

సోమవారం పొద్దున గేటు చప్పుడైంది. పాస్టరు గారు. చంకలో రేకుపెట్టె.

"గుడ్డ ఎవరికివ్వాలో పెద్దలు ఇంకా తేల్చలేదమ్మా. ఎప్పటికి తేలుస్తారో తెలీదు" అన్నాడు. "నా ప్రసంగం మొత్తం తప్పని నేననను. నేను నమ్మేది అదే. కానీ ఆ అంచు పట్టుకుని చెప్పింది మాత్రం అబద్ధం. వచ్చే బల్ల రోజున ఆ మాట వెనక్కి తీసుకుంటాను. ఈలోగా..." అని ఆగి, పెట్టె తెరిచాడు. "నిన్న సాయంత్రం నేనే ఉతుకుదామని చూశాను. మరక ఇంకా ముదిరింది."

వదిన లోపల్నించి వచ్చి గుడ్డ వెలుతురుకు పెట్టి చూసింది.

"సబ్బు రుద్దారా?"

"రుద్దానండీ."

"ముందే?"

"ముందేనండీ. బాగా రుద్దాను."

వదిన మరదలి వైపు చూసింది. ఈసారి బల్లగుడ్డమ్మకు నవ్వాగలేదు. ముఖం ఇంకా ఏడుపుతో ఉబ్బి ఉండగానే పగలబడి నవ్వింది.

"పోతుందాండీ?" అన్నాడు పాస్టరు గారు బిక్కమొహం వేసుకుని.

"పోతుంది. ఒక్క రోజులో పోదు. వారం పాటు రోజూ పొద్దున్నే రావాలి" అంది వదిన.

"మీరు ఇదంతా ఎందుకు చేస్తున్నారమ్మా?" నిజంగా తెలుసుకోవాలనే అడిగాడాయన. "నాకు అదొక్కటే అర్థం కావడం లేదు."

"మరక కనపడింది, ఉతుకుతున్నాం. దానికి మళ్ళీ కారణం కూడానా?" అంటూ వదిన తొట్టి ఆయన ముందుకు జరిపింది. "చొక్కా చేతులు పైకి మడవండి. ఒసేయ్, నువ్వు మెట్టు మీద కూర్చుని మీ అమ్మ చెప్పిన వరుస చెప్పు. ఈయన పిండుతాడు."

బల్లగుడ్డమ్మ మెట్టు మీద కూర్చుంది. నొప్పి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకుంది.

"ముందు చన్నీళ్ళు, అయ్యగారూ" అంది.